ఒడ్డిటేనయ్యో

నది దాటించే పంటు అవతలి ఒడ్డునే ఉంది. ముక్తేశ్వరం రేవులోంచి చూస్తే కోటిపల్లి వైపు అది అగ్గిపెట్టెంత కనిపిస్తోంది, కదిలిందో లేదో తెలియడం లేదు, కదిలితే ముందు ఇంజను చప్పుడు నీళ్ళ మీంచి వస్తుంది, రాలేదు, ఇంకా స్కూటర్లూ ఆటోలూ ఎక్కించుకుంటున్నట్టున్నారు. ఎండ కొంచెం వాలింది. అమ్మ ఇసకలో కుచ్చిళ్ళు పోగుచేసుకుని గొంతుక్కూర్చుంది, పక్కన సంచీ, సంచీలో ఒక జత బట్టలూ, మధులతకని ఎండబెట్టిన రొయ్యపప్పు పొట్లమూ. పల్లంరాజు మాత్రం నిలబడే ఉన్నాడు. పక్కన కూర్చుంటే ఏదో ఒకటి అడుగుతుంది, అడిగితే చెప్పాలి, చెప్పడానికి ఇంకా నది దాటేంత సమయం ఉంది, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత రాజమండ్రి, ఆ తర్వాత వేదిక, దీపాలు, ముందు వరసలో ఎక్కడో అమ్మ. నిన్న ఊరికి వెళ్ళింది ఊరికే చూసి వద్దామనే. రేపు మా బ్యాండు ఆఖరి ప్రోగ్రామమ్మా, ఇంక వాయించం, ఎవరి దారి వాళ్ళది, అని అన్నం తింటూ అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. ఆమె చారు పోస్తూ, "అయితే నేనూ వస్తాను" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానిది. రావద్దనడానికి నోట్లో ముద్ద ఉంది. మింగేసరికి ఆమె లేచి వెళ్ళి పెట్టె తెరిచి చీర వెతుక్కుంటోంది.

ఆకుపచ్చ చీర. చేతుల నిండా ఎర్రగాజులు. నుదుట బొట్టు, ఇంత దూరం నుంచి కూడా కనబడేంత. రేవులో ఎవరికీ అందులో వింత లేదు, ఎవరో పెద్దావిడ ఏదో ఊరు వెళుతోంది. సముద్రపొడ్డున తమ ఊళ్ళో మాత్రం ఆ బొట్టు గురించి అందరూ మాట్లాడి మాట్లాడి అలిసిపోయారు. తొంభై ఆరు నవంబరు తుపానులో రొయ్యల వేటకెళ్ళిన పడవలు చాలా రాలేదు, నాన్న పడవా రాలేదు, పడవ చెక్కా దొరకలేదు, మనిషీ దొరకలేదు. మిగిలిన ఇళ్ళల్లో ఏడ్చారు, కర్మలు చేశారు, గాజులు తీశారు. అమ్మ తియ్యలేదు. ఆ రోజు పల్లంరాజుకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంటుంది: గాజులు తియ్యడానికి ముసలమ్మలు పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి వచ్చారు, గుమ్మంలో అమ్మ తెడ్డు పట్టుకుని అడ్డంగా నిలబడింది, లోపలికొస్తే బుర్ర పగలగొడతానంది, వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనక్కి వెళ్ళిపోయారు. అప్పుడతనికి పదహారేళ్ళు. ఆవిడ దృష్టిలో ఆయన రాలేదు, అంతే. వస్తాడు. ఆ ఆవిడే ఇవాళ సాయంత్రం కుర్చీలో కూర్చుని, తన కొడుకు డ్రమ్సు వెనక నుంచి వాయిస్తుంటే, ఆయన మీద కట్టిన పాట చివరి చరణంలో ఆయన నీళ్ళల్లో కళ్ళు మూసుకోవడం వింటుంది. జనం చప్పట్లు కొడతారు. ఆ చరణానికే ఎక్కువ కొడతారు.

"ఆ పిల్ల వస్తదా?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"మధులతా? తను లేకపోతే ప్రోగ్రామెక్కడిదమ్మా."

"చిక్కిపోయిందా మునపట్లాగే ఉందా?"

"మునపట్లాగే ఉంది." బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది మధులతకి, వచ్చే నెల వెళ్ళిపోతుంది, ఆ సంగతి అమ్మకి చెప్పాడా? చెప్పలేదు. అమ్మకి చెప్పనివి ఎన్ని. పాట సంగతి చెప్పలేదు. హైదరాబాదు సంగతి సగమే చెప్పాడు. కుడిచేతి వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయని ఇప్పుడు చూసుకున్నాడు, ఆపాడు, మళ్ళీ అవే మొదలెట్టాయి. ఈ రోగం మావయ్య అంటించింది. తుపాను తర్వాత చదువుకుంటాడులే అని రాజమండ్రిలో మేనమామ ఏసురాజు దగ్గర పెట్టారు, ఆయనది పెళ్ళిళ్ళ బ్యాండు మేళం, ఎర్రకోట్లు, బంగారు రంగు గుండీలు. పగలు కాలేజీ, ముహూర్తాల రోజుల్లో ఊరేగింపు. మొదటిసారి మావయ్య ఆ పెద్ద డ్రమ్ము మెడకి తగిలించి కొట్టమన్నప్పుడు, కొట్టిన మొదటి దెబ్బకే తుపాను రోజు నుంచీ చెవుల్లో మోగుతున్న గాలి ఆగింది, కొడుతున్నంతసేపూ ఆగింది, ఆపగానే మళ్ళీ వచ్చింది. అందుకని ఆపలేదు. ముందు నడుస్తున్న పెళ్ళికొడుకు గుర్రం బెదిరింది. "ఒరే పెళ్ళిరా ఇది, యుద్ధం కాదు" అని మావయ్య నెత్తి మీద మొట్టాడు.

కాలేజీలో తనతో చదివిన మణిశంకర్ వినేది మరో హోరు. వాళ్ళది పాశర్లపూడి దగ్గరి ఊరు, పురోహితుల ఇల్లు. తొంభై ఐదులో అక్కడ గ్యాసు బావి అంటుకుని ఆకాశమంత మంట లేచినప్పుడు ఊరు ఖాళీ చేసి ధవళేశ్వరంలో మేనత్త ఇంటికొచ్చారు. కాలేజీలో మొదటి రోజుల్లో క్యాంటీను వెనక కూర్చుని చెప్పాడు. ఆ మంట చప్పుడు నువ్వు వినలేదురా, అది చప్పుడు కాదు, గోడ. వారాల తరబడి ఆ గోడ పక్కనే తిన్నాం, మా నాన్నగారు దానికి పోటీగా మంత్రాలు చదివేవారు, ఆయన పెదాలే కదిలేవి. అలాంటి చప్పుడు నేను చెయ్యాలి. చేస్తాను. సామర్లకోట రైల్వే క్వార్టర్సులో రిటైరైన గార్డు ఒకాయన పాత ఎలక్ట్రిక్ గిటారూ, ఒక డబ్బా నిండా ఇంగ్లీషు క్యాసెట్లూ ఇచ్చాడు మణికి, నా చేతులు వణుకుతున్నాయి నీకెందుకు పనికిరాకూడదు అని. ఆ క్యాసెట్లు విన్నాక తెలిసింది, ఆ గోడ చప్పుడు చేసేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారని, వాళ్ళూ ఏవో చిన్న ఊళ్ళవాళ్ళేనని. మధులత ఇరిగేషను ఆఫీసులో పనిచేసే ఉదయ్‌భాస్కర్ గారమ్మాయి, వీణ ఏడేళ్ళు నేర్చుకుని ఒకరోజు మానేసింది, మానేసిన వేళ్ళకి మణి బేస్ గిటారు ఇచ్చాడు. ధవళేశ్వరం కాలువ పక్కన తుప్పుపట్టిన పాత వర్క్‌షాపు షెడ్డు, గబ్బిలాలు, మైకుసెట్టు వాడి దగ్గర అద్దెకి తెచ్చిన స్పీకర్లు. బ్యాండుకి పేరు మధులతే పెట్టింది. కిటికీలోంచి లాకులు కనిపించేవి, తలుపులు మూసి నీళ్ళు నిలబెట్టి, తెరిచి వదిలేవి. "లాకులు అనే పెట్టుకుందాం. మనమూ అదే పని చేస్తున్నాంగా" అంది. ఆ అమ్మాయి మాట తక్కువ, అన్నదాన్ని ఎవరూ కాదనేవారు కాదు.

మొదటి ప్రోగ్రాము సామర్లకోటలో, వినాయక చవితి పందిరి. జనం సినిమా పాటలడిగారు. మణి తన పాట ఎత్తుకున్నాడు. రెండు నిమిషాలు ఓపిక పట్టారు, తర్వాత ఈలలు, తర్వాత ఎవడో చెరుకుముక్క విసిరాడు, చక్కెర ఫ్యాక్టరీ ఊరు కదా, అది తిన్నగా వచ్చి మణి భుజానికి తగిలింది. మణి వంగి దాన్ని తీసుకుని, పళ్ళతో తొక్క చీల్చి, మైకు ముందు నిలబడి నమిలి పిప్పి ఊసి, "తియ్యగా ఉందండి, ఇంకోటి వెయ్యండి" అన్నాడు. నవ్వారు. నవ్వాక విన్నారు. ఆ మణిని పల్లంరాజు ప్రేమించాడు, ఇప్పటికీ ఆ మణి మీద కోపం రాదు. కోపమంతా తర్వాతి మణి మీద, కానీ ఇద్దరూ ఒకడే కాబట్టి కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు.

ఇంజను చప్పుడు. బయల్దేరింది. అమ్మ కూడా తల ఎత్తింది, ముందు ఆవిడే విన్నట్టుంది, చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని నీళ్ళ మీదికి చూస్తోంది. ఆ చెయ్యి అలా పెట్టడం. మణి మొదటిసారి తమ ఊరొచ్చిన సాయంత్రం కూడా ఆమె అలాగే నిలబడి ఉంది. తుపానొచ్చి రెండేళ్ళు కావస్తోంది అప్పటికి. మణి తమ ఇంట్లో ఏమీ తినలేదు, కొబ్బరినీళ్ళు తాగాడు, అలవాటు లేదండి ఏమనుకోకండి అన్నాడు, అమ్మ ఏమీ అనుకోలేదు. పొద్దు వాలే వేళకి ఆమె రోజూలాగే ఒడ్డుకి వెళ్ళింది, వీళ్ళిద్దరూ వెనకాల వెళ్ళారు. నీళ్ళకి ఎదురుగా నిలబడి రోజూ పిలిచే పిలుపు పిలిచింది, ఏవయ్యో, ఒడ్డిటేనయ్యో, ఒడ్డిటే. ఏడుపేమీ లేదు గొంతులో. దూరాన దారి తప్పినవాడికి ఒడ్డు ఇటువైపేనని దారి చెబుతున్నట్టు, విసుగు లేకుండా, మూడు నాలుగుసార్లు. తర్వాత చీర దులుపుకుని పొయ్యి వెలిగించడానికి ఇంటికెళ్ళింది. మణి ఇసకలో కూలబడ్డాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు రావులపాలెం దాటాక కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం పల్లంరాజు చూశాడు. వారం తిరక్కుండా షెడ్డులో పాట వినిపించాడు. ముందు బేస్ ఒక్కటే, పడవ అడుగున నీళ్ళు తగులుతున్నట్టు, తర్వాత గిటారు నెమ్మదిగా లేచి ఆ మంట గోడ, గోడ మీంచి ఆ పిలుపు. ఒడ్డిటేనయ్యో. చాలా గొప్ప పాట. అదే వచ్చిన చిక్కు, పాట గొప్పది. పనికిమాలిన పాటైతే వద్దురా అనేవాడు. పల్లంరాజు కర్రలు తీసుకుని, దానికి ఎలాంటి దెబ్బ కావాలో అలాంటి దెబ్బ వేశాడు.

పంటు రేవుకి తగిలి చెక్కలు దించారు. స్కూటర్లు దిగాయి, మేకలు దిగాయి, కోటిపల్లి శివుణ్ణి చూసొచ్చిన ఆడవాళ్ళు తడిజుట్టుతో దిగారు. "ఎక్కండెక్కండి, ఆయ్, కారు ముందు, మనుషులు పక్కకండి" అని తాడు పట్టుకున్న మనిషి అరుస్తున్నాడు. అమ్మ చెక్క మీద చూడకుండా అడుగేసి ఎక్కేసింది, పల్లంరాజే తూలాడు. కమ్మీ పక్కన చోటు దొరికింది. తుపాను తర్వాత అమ్మ నీళ్ళ మీదికి రావడం ఇదే మొదటిసారేమో. అడగాలనిపించింది. అడగలేదు. పంటు వెనక్కి తిరిగి నది మధ్యలోకి వెళుతుంటే ఇంజను కింద నుంచి కాళ్ళల్లోకి ఎక్కింది, నాలుగు దెబ్బల తాళం, ఒకటి తప్పుతోంది, ఇంజనులో ఏదో అరిగింది.

ఆ పాటతోనే లాకులు పైకెళ్ళింది. ముందు రాజమండ్రి కేబుల్ టీవీ వాడు వేశాడు, తర్వాత కాకినాడ కాలేజీలు, విశాఖ, తర్వాత హైదరాబాదు. హైదరాబాదులో ఆ స్టేడియం. ఎంతమందో తెలియదు, చీకట్లో లైటర్లు వెలిగించి ఊపుతున్నారు, మణి పాట ఆపి మైకు జనం వైపు చాపాడు, చాపితే వాళ్ళందరూ ఒక్క గొంతుతో, ఒడ్డిటేనయ్యో. సముద్రం ఎటుందో తెలియని ఊళ్ళో అంతమంది కలిసి మా నాన్నని ఇటు రమ్మంటున్నారు, విని వస్తే ఆయన ఎక్కడ తేలతాడు, ఏ రోడ్డు మీద నిలబడతాడు, వల భుజానేసుకుని ఎవరిని అడుగుతాడు అనుకున్నాడు పల్లంరాజు, అనుకుంటూ వాయించాడు, చేతులు తప్పలేదు. చేతులు ఎప్పుడూ తప్పలేదు. వీడియో తీసినప్పుడూ తప్పలేదు. మొగల్తూరు దాటి అవతల సముద్రపొడ్డున, డ్రమ్సు అలల్లో పెట్టి కూర్చోబెట్టారు, నీళ్ళొచ్చి కాళ్ళకి తగిలితే బాగుంటుందన్నాడు దర్శకుడు. నర్సాపురం నుంచి నాటకాల ఆడవాళ్ళని తెచ్చి తెల్లచీరలు కట్టించి వరసగా నిలబెట్టి, బాగా ఏడవండమ్మా అన్నాడు. ఏడ్చారు. టిఫిన్లకి ఆపినప్పుడు అందులో ఒకావిడ ఇడ్లీ తింటూ దగ్గరికొచ్చి, "బాబూ, నిజంగా ఎవరన్నా పోయారా, ఊరికే పాటేనా?" అని అడిగింది, మంచి మనిషి, కళ్ళకింద గ్లిజరిన్ ఇంకా మెరుస్తోంది. "పాటేనండి" అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. ఆ మాట అన్నాక ఆ రోజంతా ఒంట్లో ఏమీ లేదు, ఎండా తెలియలేదు, ఉప్పూ తెలియలేదు. అప్పటి నుంచి ఆ పాట మొదలయినప్పుడల్లా అంతే, ఒంట్లోంచి ఎవరో దిగి వెళ్ళిపోతారు, పాటయ్యాక చప్పట్లకి తిరిగొస్తారు. ఒక్కోసారి తిరిగి రావడం ఆలస్యమవుతోంది. ఒక్కోసారి మర్నాటికి గానీ రావడం లేదు.

ఆ తర్వాతి పాటలు ఎవరూ వినలేదు. మంచివే రాశాడు మణి, కాలువల మీద, మధులత వాళ్ళ నాన్నగారి ఆఫీసు మీద, జనం రెండు పాటలు ఓపిగ్గా విని, మూడో దానికి ఒడ్డిటే, ఒడ్డిటే అని అరిచేవాళ్ళు. హైదరాబాదు కంపెనీ రెండో సీడీ తియ్యలేదు. మణి ప్రకటనల్లో పాడుతున్నాడు ఇప్పుడు, సబ్బుకీ టూత్‌పేస్టుకీ. పల్లంరాజు మావయ్య మేళంలోకి తిరిగొచ్చాడు, ఎర్రకోటు భుజాల దగ్గర బిగుతయింది. ఆఖరిసారి రాజమండ్రిలో వాయించి ఆపేద్దాం అన్నది మధులత. మొన్న షెడ్డులో రిహార్సలుకి కూర్చున్నప్పుడు పల్లంరాజు అన్నాడు, ఇవాళ కాకపోతే ఎప్పటికీ అనలేననిపించి అన్నాడు, ఈసారి ఆ పాట వద్దురా. మణి నవ్వాడు ముందు. తర్వాత, "అది లేకపోతే మనమెవరంరా? జనం వచ్చేదే దానికి" అన్నాడు. "నేను వాయించలేను." "ఇన్నేళ్ళూ వాయించావుగా." మధులత బేస్ గోడకి ఆనించి, "వాడు వద్దంటే వద్దు మణీ" అని బయటికి వెళ్ళిపోయింది. మణి గిటారు తీగ ఒకటి పట్టుకుని మీటుతూనే ఉన్నాడు, అదే తీగ, మళ్ళీ మళ్ళీ, ఎక్కడో మండుతున్న చోటికి వినబడాలన్నట్టు. ఏదీ తేలలేదు. అప్పటికి అమ్మ వస్తానని కూడా అనలేదు.

"అన్నా, మీరు లాకులు రాజన్న కదూ?"

నలుగురు కుర్రాళ్ళు, కాలేజీ వయసు, ఒకడి టీషర్టు మీద లాకుల తలుపు బొమ్మ, మధులత గీసిందే. ప్రోగ్రాముకేనన్నా వెళుతున్నాం, అమలాపురం నుంచి, ఇదే ఆఖరంటగా, ఎందుకాపేస్తున్నారన్నా. పల్లంరాజు ఏదో అన్నాడు. అమ్మ వైపు చూడకుండా కొంచెం జరిగాడు, ఆమెకీ వాళ్ళకీ మధ్య నిలబడితే వినబడదన్నట్టు. టీషర్టు కుర్రాడికి సంతోషం ఆగలేదు, కమ్మీ మీద అరచేత్తో కొట్టడం మొదలెట్టాడు, అది పల్లంరాజు తాళమే, సరిగ్గా కొడుతున్నాడు, మిగిలిన ముగ్గురూ గొంతు కలిపారు. వద్దు. ఒద్దురా అబ్బాయిలూ. నోరు తెరుచుకోలేదు. ఒంట్లోంచి ఆ మనిషి దిగి వెళ్ళిపోతున్నాడు, మామూలుగానే, పాట మొదలైందిగా. కుర్రాళ్ళు నదికి ఎదురుగా తిరిగి చేతులు చాపి అరిచారు, ఒడ్డిటేనయ్యో, ఒడ్డిటే. చివరి చరణం కూడా పాడారు. కళ్ళు మూసుకోవడం, నీళ్ళు మీద కప్పుకోవడం, అన్నీ. పంటులో జనం నవ్వుతూ చూశారు. మేకలవాడు చప్పట్లు కొట్టాడు. పాటయ్యాక పల్లంరాజు తల తిప్పి అమ్మని చూశాడు.

ఆమె నీళ్ళు చూస్తోంది.

"అమ్మా, అది..."

"తెలుసురా. చిన్నమ్మాయి వాళ్ళింట్లో టీవీలో చూశాను, ఎప్పుడో." పక్కింటి చిన్నమ్మాయి. ఎప్పుడో. "ఆ తెల్లచీరల వాళ్ళని చూసి నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఎవత్తికుంది అంత తెల్లచీర? నువ్వు నీళ్ళల్లో కూర్చున్నావు, జలుబు చేస్తదేమో అనుకున్నాను."

"మరి నాతో అనలేదే."

"నువ్వు చెప్తావని చూశాను. చెప్పలేదు, ఊరుకున్నాను."

ఏళ్ళ తరబడి దాచింది దాచినట్టే కాదన్నమాట. "అందులో నాన్న చనిపోయినట్టు ఉంటది" అన్నాడు, చిన్నపిల్లాడిలా వినిపించింది తన గొంతు తనకే. "నీకు కష్టంగా ఉంటుందని."

అమ్మ అతని వైపు తిరిగింది. "పోయాడుగా" అంది.

ఇంజను తాళం తప్పుతోంది. నాలుగో దెబ్బ రావడం లేదు.

"పోయాడని నాకు తెలీదనుకున్నావా? నేను సముద్రపొడ్డున పుట్టలేదా? మూడో రోజుకే తెలుసు నాకు."

"మరి గాజులు? ముసలమ్మలొస్తే తెడ్డు పట్టుకుని గుమ్మంలో నిలబడలేదూ నువ్వు?"

"నేనా?" ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "నేనెక్కడరా నిలబడ్డాను? లోపల గోడకి జేరబడి కూర్చున్నాను, లేచే ఓపిక లేక. తెడ్డు పట్టుకుంది నువ్వు. మా నాన్నొస్తాడు, మా అమ్మ ఒంటి మీద చెయ్యేస్తే బుర్రలు పగలగొడతానని నువ్వు అరిచేవు. అన్నం మానేసేవు. నా గాజులు చూసి గానీ ముద్ద ముట్టేవాడివి కాదు. తీసేస్తే ఈడేమైపోతాడోనని ఉంచేసుకున్నాను. సాయంత్రం పూట నేను ఒడ్డుకెళ్ళి పిలిస్తేనే నువ్వు నిద్రపోయేవాడివి. అదీ అలవాటైపోయింది."

తెడ్డు. చేతిలో దాని బరువు, అరచేతికి గుచ్చుకున్న పేడు, అవును, పేడు గుచ్చుకుంది, కుడిచేతికి, చూసేవాడికి గుచ్చుకోదు కదా. ఆ చేత్తోనే తర్వాత డ్రమ్ము కర్ర పట్టుకున్నాడు. గుమ్మంలోంచి బయటికి చూసిన చూపు తనది, వాకిట్లోంచి లోపలికి చూసింది కాదు, ముసలమ్మల మొహాలు తనకి ఎదురుగా ఉన్నాయి, అన్నేళ్ళూ ఆ మొహాలు ఎదురుగానే ఉన్నాయి, అయినా తను గుమ్మంలో లేననుకున్నాడు. నది చాలా వెడల్పుగా ఉంది. కమ్మీ పట్టుకున్నాడు. ఆమె అతని కోసం ఆయన్ని బతికించింది, ఆమె కోసం తను పాట దాచాడు, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు అన్నం వడ్డించుకుంటూ.

"మరి ఇప్పుడు" అన్నాడు, ఏం అడుగుతున్నాడో తెలియకుండానే. "బొట్టు..."

"ఉంచుకుంటాను. నాకిష్టం. పుట్టినప్పట్నించీ పెట్టుకున్నదే, మీ అయ్య తెచ్చిందా ఏటి?" కొంగుతో మొహం తుడుచుకుంది, ఎండకో మరి దేనికో. "పాట బాగానే ఉంది. పంతులుగారబ్బాయి బాగానే కట్టేడు. ఒకటే లోటు. పేరు లేదు."

"పేరేంటి?"

"తుపాను రోజు పొద్దు వాలే వేళకి ఆడాళ్ళందరం ఒడ్డుకెళ్ళి అరిచాం, నీకు గుర్తుందో లేదో. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. అందరం ఏవయ్యో, ఏవయ్యో అనే. అంతమంది ఏవయ్యో అంటే, అక్కడ నీళ్ళల్లో ఉన్నోడికి అందులో తన పెళ్ళాం పిలుపేదో ఎలా తెలుస్తది? అందుకని నేను పేరెట్టి పిలిచేను. మీ నాయనమ్మ నా నోరు మూసేసింది. చెయ్యి కొరికి మళ్ళీ పిలిచేను. పంతులుగారబ్బాయి వచ్చిన నాడు కొత్తవాడి ముందు పేరేం అంటానులే అని ఏవయ్యో అన్నాను. అదే పాటలో పెట్టేశాడు. ఇవాళ ఎంతమంది వస్తారు?"

"వెయ్యిమందో, ఎక్కువో."

"అందరూ పిలుస్తారా, ఈ కుర్రాళ్ళలాగ?"

"పిలుస్తారు."

"ఎవర్ని పిలుస్తున్నారో వాళ్ళకి తెలియొద్దూ?"

జేబులో ఫోను మోగింది, కోటిపల్లి టవరు అందినట్టుంది. మణి. వెనకాల జనరేటరు హోరు, ఎవరో మైకులో ఒకటీ రెండూ మూడూ అంటున్నారు. "ఎక్కడున్నావురా? నీ డ్రమ్సు బిగించేశారు. మధు చంపేస్తోంది నన్ను. ఒరే, వద్దంటే వద్దులే. ఆ పాట తీసేశాను. జనం చెప్పులేస్తే వేస్తారు, చెరుకుముక్కలైతే తినొచ్చు." నవ్వబోయి ఆపేశాడు. సామర్లకోట మణి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు వీడు.

"వాయిద్దాం" అన్నాడు పల్లంరాజు. "అందులో ఒక పేరు పెట్టాలి. ఏవయ్యో అన్నచోట."

"ఎవరి పేరు?"

"మా నాన్నది."

"పెడదాంరా. తప్పకుండా పెడదాం. దానికేముంది, మీటరు నేను చూసుకుంటాను." తర్వాత జనరేటరు హోరు. ఆ హోరులోంచి చాలా చిన్నగా, "రాజూ, ఏమనుకోకు. మీ నాన్నగారి పేరేంటి?"

ఇన్నేళ్ళు. ఎన్ని వేదికల మీద, ఎన్ని ఊళ్ళల్లో. కోపం రావాలి, వస్తుందని ఎదురుచూశాడు. మణి అడగలేదు, నిజమే, తనెప్పుడు చెప్పాడు? గుమ్మంలో తెడ్డు పట్టుకున్ననాటి నుంచి ఆ పేరు తన నోటా రాలేదు, నాన్న అన్నాడు, మా నాన్న అన్నాడు, పేరనేస్తే అది పోయినవాళ్ళ పేరవుతుందని కాబోలు. నోరు తెరిచాడు. నాలుక పైకి లేవలేదు. ఫోనులో మణి రాజూ, రాజూ అంటున్నాడు. పంటు వేగం తగ్గింది, రేవు దగ్గరికొచ్చింది, ఎక్కడానికి జనం సంచులతో సిద్ధంగా నిలబడ్డారు.

"ఇటియ్యి" అని అమ్మ ఫోను లాక్కుంది. చెవికి పెట్టుకోలేదు. నోటి ముందు అడ్డంగా పట్టుకుంది, నీళ్ళకి ఎదురుగా తిరిగింది, రాజమండ్రి ఎంత దూరమో ఆవిడకి తెలుసు, అంత దూరానికి ఎంత గొంతు కావాలో అంత గొంతు పెట్టింది.

"మల్లాడి అప్పారావూ!"

కుర్రాళ్ళు ఉలిక్కిపడి తిరిగారు. తాడు విసరబోతున్న మనిషి ఆగి ఆమె వైపు చూశాడు, ఒడ్డు వైపు చూశాడు, ఎవరినో రమ్మంటోందనుకున్నాడు పాపం, తనూ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని రేవులోకి కేకేశాడు. "అప్పారావుగారంటండీ! ఎవరండీ అక్కడ అప్పారావుగారు? మీ వాళ్ళు పిలుస్తున్నారండోయ్!" మెట్ల మీద జనం ఆ మాట అందుకుని వెనక్కి అందించారు, టీకొట్టు దాకా వెళ్ళింది, అప్పారావుగారు, అప్పారావుగారు ఎవరండీ, అంటూ రేవు రేవంతా తలలు తిప్పి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.